నాయన చెవులు, నా ముఖం

జూలై 6

డబ్బా వచ్చింది. ఆన్‌లైన్‌లో తెప్పించిన వినికిడి యంత్రాలు, ఒక జత. డాక్టరు అక్కర్లేదు. ఫోన్‌లోనే పరీక్ష, ఫోన్‌లోనే అమరిక.

నాయన మగ్గం గుంతలోంచి లేవనంటాడు. "ఈ చీర దిగనీ పాపా, చూస్తాం." లేపి మంచం మీద కూర్చోబెట్టాను. ఎదురుగా నేను, చేతిలో ఫోన్. చెవిలో కూత వచ్చినప్పుడల్లా తెర మీద చుక్క వెలుగుతుంది. నేను తలెత్తి చూస్తాను. ఆయన వేలెత్తుతాడు.

"ఇనపడిందా నాయనా?"

"ఊ."

"ఇప్పుడు?"

"ఊ. బాగా ఇనపడ్తాండాది."

లోపం కొద్దిగానే అని వచ్చింది. రెండు చెవులకూ ఒకేలా. ఆకుపచ్చ టిక్కు. ఇంత తేలికైన పనికి ఇన్నేళ్లు ఆగామా...

అమ్మ ఉండి ఉంటే —

వద్దు. రాయను.

జూలై 7

పొద్దున్నే పక్కింటి నుంచి అత్త. తమ్ముడి చెవులు చూసి గడపలోనే నిలబడింది. "ఏమప్పా, చెవుల్లో రేడియో పెట్టిచ్చుకున్న్యావంట! మాయింటి దాకా పాటలు వస్తాయా?"

నాయన నవ్వాడు. అత్త నవ్వుతోంది కాబట్టి నవ్వాడేమో అనిపించింది. పోనీ.

జూలై 10

ఈల వేస్తున్నాయి. తల తిప్పితే ఈల. తువ్వాలు భుజాన వేసుకుంటే ఈల. అన్నం నమిలితే తలకాయలో కంకర ఆడించినట్లు ఉందట. తన గొంతు తనకే కడవలోంచి వస్తోందట. అన్నీ వినిపిస్తున్నాయి, నేను పిలవడం తప్ప.

సాయంత్రానికి రెండూ కండెల డబ్బాలో ఉన్నాయి, పట్టుదారం కింద.

జూలై 12

పెనుకొండ. పిల్లలు వెళ్లాక, నేను పనిచేసే కాన్వెంట్ బడి లైబ్రరీలో కంప్యూటర్ ముందు కూర్చుని ఈ యంత్రాల గురించి చదివాను. లోపం మరీ ఎక్కువ కాని పెద్దవాళ్లలో చాలామందికి సొంత అమరికే సరిపోతుందట. నిపుణులు పెట్టినదానికీ దీనికీ పెద్ద తేడా తెలియడం లేదట.

మరి నాయనకు? వినాలని లేదు, అంతే. అమ్మ మాటే నిజం. "మీ నాయనకి చెవుల్యాక కాదు పాపా. నా మాటంటే లెక్కల్యాక."

జూలై 13, ఆదివారం

రాయనన్నాను. రాస్తున్నాను.

కార్తీకం వస్తే అమ్మ పోయి మూడేళ్లు. బెంగళూరు ఆసుపత్రిలో, ఆ చివరి వారంలో, నేను బట్టల కోసం ధర్మవరం వస్తుంటే చెయ్యి పట్టుకుంది. "మీ నాయన్ని ఒగ మాట అడుగు. నేనేం జేసినానని నాతో మాటలు మానేసినాడో. పదేండ్లయ్యె. అడిగి రా."

వచ్చి అడిగాను. ఆయన మగ్గంలో, నేను వెనక, వంటింటి గుమ్మంలో. ఎదురుగా వెళ్లి అడిగే ధైర్యం లేదు. ఎంత కూడబలుక్కున్నానో ఆ ఒక్క వాక్యం. "అమ్మతో ఎందుకు మాట్లాడవు నాయనా? అమ్మ ఏం చేసింది?"

"ఊ" అన్నాడు. తిరగలేదు. పని ఆగలేదు.

ఆ "ఊ"ను నేను ఇప్పటికీ క్షమించలేదు. కూర వడ్డిస్తాను, చొక్కా ఇస్త్రీ చేస్తాను, యంత్రాలు తెప్పిస్తాను. క్షమించలేదు.

జూలై 19

బడికి సెలవు పెట్టాను. హిందూపురం ప్యాసింజర్. అత్త బలవంతం — "మిషన్ కొంటే సరా? చూపియ్యల్ల గదా డాక్టరుకి!"

చెవి పరీక్షల ఆవిడకు ముప్పయ్యేళ్లుంటాయి. తెలుగులో సగం కన్నడం. ముందు చెవులు శుభ్రం చేసింది. తర్వాత నాయనను అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు తొడుగులు పెట్టి తలుపు మూసింది. అద్దం ఇవతల నేను.

రెండు నిమిషాలకే నన్ను లేపింది. "మీరు ఆ పక్కకి రండమ్మా. ఆయన మీ ముఖం చూస్తున్నారు."

గోడ వారగా నిలబడ్డాను. అక్కడి నుంచి నాయన వీపు, ఒక చెయ్యి కనిపిస్తాయి. ఆవిడ చప్పుడు పెంచుతూ యంత్రం మీద బిళ్ల తిప్పుతోంది. వేలు లేవదు. ఇంకా తిప్పుతోంది. లేవదు. ఎంతసేపు... ఎత్తు నాయనా, ఎత్తు.

కాగితం మీద గీతలు కిందికి దిగిపోయాయి. ఎడమ చెవిలో లోపం మధ్యరకం. కుడి చెవి చాలావరకు పోయింది.

"ఇంట్లో చేసినప్పుడు ఎదురుగా కూర్చున్నారా?"

"అవును."

"కూత వచ్చినప్పుడు ఆయన వైపు చూశారా?"

"...అవును."

"అయితే పరీక్ష రాసింది మీరు. ఆయన కాదు." కోపంగా అనలేదు. నవ్వుతూనే అంది. "ఏ కెలసం ఆయనది?"

"మగ్గం. పెళ్లికి ముందు ఈ ఊర్లోనే పవర్లూమ్ షెడ్డులో ఏడేళ్లు."

"అక్కడే మొదలై ఉంటుంది. ఈ పదీ పదిహేనేళ్లలో బాగా దిగి ఉంటుంది."

పదేండ్లయ్యె, అంది అమ్మ.

వెనక నుంచి ఎవరైనా మెల్లగా మాట్లాడితే ఏమవుతుంది, అని అడిగాను. నా గొంతు ఆవిడకే సరిగా వినపడలేదు. మళ్లీ అడిగించింది.

"ఎవరో ఏదో అన్నారని తెలుస్తుంది. ఏమన్నారో తెలియదు."

"మరి ఊ అంటాడే."

"అందరూ అంటారమ్మా. మళ్లీ మళ్లీ ఏమిటని అడగలేక."

జూలై 19, మళ్లీ

తిరుగు రైల్లో రాశాను ఇది, పెనుకొండ దాటాక. నాయన బొరుగులు తింటూ అడిగాడు, "ఏమనె పాపా ఆయమ్మ?"

"మిషన్ వేరేది పెట్టాలంట!" గట్టిగా. పెట్టెలో అందరూ తిరిగి చూశారు. ముఖం మండిపోయింది. కాన్వెంట్‌లో పదేళ్లు మాకు నేర్పింది మెల్లగా మాట్లాడడం. మెల్లగా మాట్లాడే పిల్లగా నాకు బహుమతి కూడా ఇచ్చారు. ఈ ఇంట్లో ఆ గొంతుతో నేను ఎవరితో మాట్లాడినట్టు?

జూలై 20

ఒక్క ముక్క మిగిలింది. అది రాయకపోతే ఈ పుస్తకం అబద్ధం.

ఆ "ఊ"ను నేను అమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. మరుసటి రోజు మంచం పక్కన కూర్చోగానే అడిగింది. "ఏమన్యాడు?"

"ఊ అన్నాడమ్మా."

"అంతేనా?"

"అంతే."

అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. తర్వాత నాలుగు రోజులుంది. నాయన వచ్చి పక్కన కూర్చున్నా ఇటు తిరగలేదు. ఆయన ఆమె కాళ్లు పిసుకుతూ కూర్చున్నాడు, వీపు చూస్తూ.

జూలై 21

బడి. పాత పుస్తకాల దుమ్ము దులిపాను.

జూలై 23

మా ఇల్లు చూస్తున్నాను, కొత్తగా. ముందు గదిలో మగ్గం. నేసేవాడి ముఖం వీధి వైపు, వీపు వంటింటికి. అమ్మ కండెలు చుట్టే రాట్నం ఆయన వెనకే ఉండేది. వంటా వెనకే. ముప్పయ్యేళ్లు అమ్మ ఆయన వీపుతోనే మాట్లాడింది. పప్పులో ఉప్పు సరిపోయిందా అనీ, పెద్దమ్మ కబురు పంపిందనీ, మోకాలు నొప్పి అనీ. మొదట్లో జవాబులు వచ్చేవట. తర్వాత తగ్గాయట. తర్వాత అమ్మ కూడా తగ్గించింది.

పోట్లాడుకున్న ఇల్లు కాదు మాది. పోట్లాట కూడా లేదు.

జూలై 28

మళ్లీ హిందూపురం. పోయినసారి చెవిలో గులాబీరంగు ముద్ద పెట్టి అచ్చు తీసింది కదా, ఆ అచ్చుతో చేసిన బిళ్లలు వచ్చాయి. చెవిలో కుదురుగా కూర్చున్నాయి. ఈల లేదు. సన్నని గొట్టం ఒకటి చెవిలోకి పంపి, శబ్దం లోపల ఎంత చేరుతోందో కంప్యూటర్‌లో చూస్తూ సరిచేసింది. గంటన్నర. కాగితం నలిపింది. చెంచా జారవిడిచింది. నాయన ఉలిక్కిపడ్డాడు.

"ఇప్పుడు మీరు మాట్లాడండి" అంది నాతో. "ఆయన వెనక నిలబడి."

వెనక నిలబడ్డాను. "నాయనా! బాగుందా!" అని అరిచాను.

"ఏంటికి పాపా అట్ల అరుస్తాండావు? ఇనపడ్తాండాది గదా."

ఆవిడ నవ్వింది. నేను నీళ్లు తాగొస్తానని బయటికి వచ్చేశాను.

ఆగస్టు 3

నాయనే అడిగాడు — మొదటి జత యాడుండాది అని. ఫోన్ పరీక్ష మళ్లీ రాస్తాడట. "ఈసారి నువ్వు ఆడికి పో. తలుపు ఎయ్యి."

ఏది నొక్కాలో నేర్పి బయటికి వచ్చాను. అరుగు మీద ఇరవై నిమిషాలు. వచ్చిన గీతను హిందూపురం కాగితం పక్కన పెట్టి చూశాం. ఎడమ చెవి గీత దాదాపు అదే! కుడిది మాత్రం తేడా. హిందూపురానికి ఫోన్ చేశాను. "ఎడమకు అది సరిపోతుంది. కుడికి దాని బలం చాలదు" అంది ఆవిడ.

అంటే యంత్రం తప్పు కాదు. ఎదురుగా నేను లేకపోతే అది నిజమే చెప్పేది.

ఇప్పుడు మగ్గంలో కూర్చున్నప్పుడు ఎడమ చెవికి ఫోన్‌ది పెట్టుకుంటాడు, చప్పుడు తనే ఫోన్‌లో తగ్గించుకోవచ్చని. పైకి లేస్తే హిందూపురం జత. "మగ్గానికి అది. మనుషులకి ఇది."

ఆగస్టు 6

బడి లైబ్రరీలో కొత్త పుస్తకాలకు అట్టలు వేశాను. సిస్టర్ వచ్చి ఏమైంది ముఖం అలా ఉంది అని అడిగారు. ఏమీ లేదు సిస్టర్ అన్నాను. మెల్లగా.

ఆగస్టు 10, ఆదివారం

అత్త గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. గొణుక్కుంది, ఎప్పటిలాగే, ఆయనకు వినపడదనే ధైర్యంతో. "దొర లెయ్యడు, టీ ఆన్నే అందియ్యల్ల."

"లేస్తాండా లేక్కా" అన్నాడు నాయన.

అత్త చేతిలో కాయ ఆగింది. "ఓరి నీ... ఇనపడిందా? అంటే ఇన్నేండ్లు నేను తిట్టినవి ఏవీ ఇనలేదా నువ్వు?"

"ల్యా."

"అట్లయితే మళ్లా మొదట్నించీ తిట్టల్నా? నాకు యాడ ఓపికుండాదిరా!"

ముగ్గురం నవ్వాం. నాయన కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తువ్వాలుతో తుడుచుకుని, మామూలు గొంతుతో అడిగాడు. "అదీ తిట్టిండునా అక్కా? పాప వాళ్లమ్మ?"

అత్త కాయల వైపు చూసింది. "అది తిట్టే మనిషా? పిల్చి పిల్చి, పలుకు ల్యాక, ఊరికైపోయె."

మిగిలిన కాయలు నాయనే ఒలిచాడు.

ఆగస్టు 12

తినేటప్పుడు — "మీయమ్మ యాడ నిలబడి పిల్చేది పాపా?"

వంటింటి గుమ్మం చూపించాను.

చాలాసేపు చూశాడు.

ఆగస్టు 14

అడిగేశాడు. నేను బడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే. "ఆసుపత్రిలో మీయమ్మ నా గురించి ఏమన్నా అడిగెనా?"

ఎన్నిసార్లు కూడబలుక్కున్నానో ఈ వారం. నీకు వినపడలేదు నాయనా, తప్పు నీది కాదు — అనొచ్చు. అంటే ఆమె ఏం అడిగిందో చెప్పాలి. నేను ఏం జవాబు తీసుకెళ్లానో చెప్పాలి. ఆయన కాళ్లు పిసికిన ఆ నాలుగు రోజులు ఆమె ఎందుకు తిరగలేదో చెప్పాలి. చెబితే ఆయన బరువు తగ్గుతుందా, నాది తగ్గుతుందా? నాది తగ్గించుకోవడానికి ఆయనకు ఇవ్వనా?

"ల్యాదు నాయనా" అన్నాను.

ఎంత మెల్లగా అన్నానో, అంత స్పష్టంగా విన్నాడు. "సరే లే" అన్నాడు.

ఆగస్టు 15

బడిలో జెండా ఎగరేసి మధ్యాహ్నానికి వచ్చేశాను. నాయన మగ్గంలో ఉన్నాడు. ఇవాళ హిందూపురం జతే పెట్టుకున్నాడు, మనుషులదే. అడిగితే "ఉండనీ" అన్నాడు.

వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. అన్నం ఉడుకుతోంది. ఇప్పుడే మగ్గం ఆగింది. దారం తెగిందేమో అనుకున్నాను. తొంగి చూశాను. తెగలేదు. చేతులు చీర మీద ఉన్నాయి, ఊరికే. ఇటు తిరగలేదు.

వింటున్నాడు.

"నాయనా" అన్నాను. నా గొంతుతోనే.

"చెప్పు పాపా."

పొయ్యి కట్టేశాను. అమ్మ అడిగిన మాట ఇంకా చెప్పలేదు.