వంటింటి కిటికీలో నువ్వు

అత్తా,

ఈరోజు నీ తద్దినం. అన్న పెట్టలేదు. కోయంబత్తూరులో కొత్తింటి గృహప్రవేశం నిన్ననే అయింది కాబట్టి ఈ ఏడాదికి వద్దన్నాడు.

ఆ ఇంటి హాల్లో పెట్టడానికి మన పొల్లాచ్చి ఇంటి పాత ఫోటో పెద్దది చేయించాము. అరుగు మీద తాత, నాయన, అన్న, అమ్మ, అమ్మ ఒళ్లో ఏడాది పిల్లగా నేను. నాయనకు తోడబుట్టినదానివే అయినా, మొగుడు పోయినదానివని నిన్ను ఏ ఫోటోలోనూ కూర్చోనివ్వలేదు. కానీ స్టూడియోలో కంప్యూటర్ మీద పెద్దది చేసేసరికి, పక్కనున్న వంటింటి కిటికీ చువ్వల వెనక తెల్లచీరలో నువ్వు కనిపించావు.

"పాలు పొంగించే ఇంట్లో ఆ తెల్లచీర దేనికి? ఎత్తేయమను," అన్నాడు అన్న.

"అక్కా, ఇదు యారుంగ?" అని స్టూడియో ఆయన తమిళంలో నన్ను అడిగాడు, నువ్వెవరని. వదినవాళ్ల అమ్మ నా పక్కనే నిలబడి ఉంది. అమ్మ మంచాన పడిన ఆరేళ్లూ నాకు అన్నం కలిపి పెట్టింది నువ్వు.

"వంటమనిషి," అన్నాను.

ఆయన నిన్ను చెరిపేసి, అక్కడ మూసిన కిటికీ తలుపులు పెట్టాడు. అతుకు తెలియలేదు. నిన్న వచ్చినవాళ్లంతా ఫోటోలోని పాత ఇంటి కొయ్య స్తంభాలను మెచ్చుకున్నారు.

ఒక ముసలామె మాత్రం, "ఈ బిడ్డ ఎవురిని చూసి నవ్వుతుందిమా?" అని నన్నడిగింది.

ఫోటోలో అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. నేనొక్కదాన్నే ఆ మూసిన కిటికీ వైపు తిరిగి, ఎత్తుకోమని రెండు చేతులూ చాపి ఉన్నాను.