మొక్కల డాబా మీద అనుమానం

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఉన్నా ఇది నువ్వు చదవలేవు, నేనే చదివి వినిపించేదాన్ని.

మా బడి డాబా మీద మట్టి పోసి మొక్కలు పెంచితే కింద గదులు చల్లబడతాయని ఒక కంపెనీ కాగితం ఇచ్చింది. సైన్సు టీచరుగా నేను సంతకం చేస్తే పని మొదలవుతుంది. ఎండకు పిల్లలు సొమ్మసిల్లే గదులవి, నాకూ చేయాలనే ఉంది. అయినా నమ్మాలో వద్దో తేల్చమని ఆ కాగితాన్ని తొమ్మిదో తరగతికి ఇచ్చాను.

"అన్నీ వేసవి మద్దేన్నం లెక్కలే మేడమ్. వానాకాలం ఏటవుద్దో రాయనేదు," అంది ఆ క్లాసులోని గౌరి.

హార్బరులో అమ్మకానికి చేపలు కొనేటప్పుడు నువ్వు "పైన సేపలు ఆడు సూపించేవే, అడుగున సూడాలి" అంటూ గంపలో మోచేతి దాకా చెయ్యి పెట్టడం గుర్తొచ్చింది.

మేమే రెండు రేకు డబ్బాలు డాబా మీద పెట్టి, ఒకదాని మీద మట్టీ గడ్డీ పరిచి, లోపలి వేడి కొలిచాం. గడ్డి డబ్బా చల్లగా ఉంది. సంతకం పెట్టేద్దామని సంబరంగా కలం తీశాను.

"ఆగండి మేడమ్! ట్యాంకు నీడ దాని మీదే పడతంది. అక్కడెవలు ఎట్టేరు?" అంది గౌరి.

పెట్టింది నేనే. కంపెనీని అనుమానించాను గాని, నన్ను నేను అనుమానించుకోలేదు.

రేపు డబ్బాల చోట్లు మార్చి మళ్లీ కొలుస్తాం. "పిల్లల మాటకి సంతకం ఆపేస్తావేటమ్మా?" అని హెడ్మాస్టరు గారు కోప్పడ్డారు. పిల్లలేమో సాయంత్రం దాకా నేను ఏం చెప్పినా "మీకెలా తెలుసు మేడమ్?" అంటూనే ఉన్నారు.