రోజుకు ఐదు తనిఖీలు

ఆళ్లగడ్డ,
4-6-1979

నంద్యాలలో ఉన్న కృపమ్మ వదినగారికి, మీ తమ్ముడి భార్య లూదియా వందనాలతో రాసేది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయాను. కానీ అబద్ధంతో ఉత్తరం మొదలుపెట్టడం బాగుండదు. మీ తమ్ముడి కడుపు క్షేమంగా లేదు. పొద్దున బడికి బయలుదేరేలోపల నాలుగుసార్లు చెంబు పట్టుకుంటారు. చెప్పులు వేసుకుంటారు, విప్పుతారు, మళ్ళీ వేసుకుంటారు. అంతా అయిందనుకొని వీధి మలుపుదాకా పోయి, అక్కడినుంచి వెనక్కి పరుగెత్తుకొస్తారు. ఎదురింటి గోవిందమ్మ అరుగు మీద కూర్చుని ఎన్నిసార్లు వెనక్కి వచ్చారో వేళ్ళ మీద లెక్కపెడుతుంది. మొన్న ఒక్కసారే వస్తే, "ఏమ్మే, సారుకు ఒంట్లో బాగలేదా?" అని నన్ను అడిగింది.

ఇంతలో హెడ్మాస్టరు ప్రమోషను వచ్చింది. ఉయ్యాలవాడ పక్కన పల్లెలో స్కూలు. పదిహేనేళ్ళు ఎదురుచూసిన ప్రమోషను, వదినా. జూలై పదహారున చేరకపోతే వెనకవాడికి పోతుంది. బస్సులో గంటకు పైనే ప్రయాణం. "బస్సు నేను చెప్పినచోటల్లా నిలుస్తాదా? నాకొద్దు ఈ ప్రమోషను" అని, వద్దని కాగితం కూడా రాసి పెట్టుకున్నారు. తేదీ ఒక్కటే వేయలేదు.

మీరు ఇరవై ఏళ్ళుగా ఆసుపత్రిలో నర్సు. మీరు చూడని కడుపు ఉండదు. ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో రాయండి.

ఇట్లు,
పొయ్యి దగ్గరినుంచి,
లూదియా

తా.క.: మీరు బస్సులో పంపిన పాలపొడి డబ్బా అందింది. "మా అక్క ప్రేమ" అంటూ రోజూ రెండు గ్లాసులు తాగుతున్నారు.


నంద్యాల,
9-6-1979

లూదియాకు, నీ ఆడబిడ్డ కృపమ్మ ముందు ఆశీర్వదించి, తర్వాత తిట్టడానికి రాసేది.

మా నాయన ఇంట్లో ఉన్నన్నాళ్ళు వాడు రాళ్ళు తిని అరిగించుకున్నాడు. ఒకసారి నిజంగానే పలకముక్క మింగినాడు, ఏమీ కాలేదు. నీ చేతి ముద్ద మొదలైనాకనే ఈ చెంబు కథంతా. నీ గోంగూర పచ్చడి నేనూ ఒకసారి తిన్నాలే. ఆ రోజంతా మా వార్డులో రోగులే నాకు మంచినీళ్ళు అందించినారు.

మా ఆసుపత్రి డాక్టరమ్మను మళ్ళీ అడిగినా. వేసవి సెలవుల్లో వాడికి అన్ని పరీక్షలూ చేసింది కదా, పుండు లేదు, పురుగు లేదు, అమీబా లేదు. పేగు బంగారమేనట. కాకపోతే చిరాకు పేగట. ఇంగ్లీషులో ఏదో పేరు చెప్పింది, నీకెందుకులే. ప్రాణానికేం భయం లేదు గానీ ఊరికే ఉలిక్కిపడుతుందట. కొందరికి పాలు గిట్టవు, కొందరికి కారం, కొందరికి కాఫీ, కొందరికి ఉత్త దిగులు చాలు. ఎవరికి ఏది గిట్టదో వాళ్ళ పేగునే అడగాలంట. అందుకని వారం రోజులు ఒక నోటుబుక్కులో వాడు తిన్నదీ, తాగిందీ, ఎన్నిసార్లు పోయిందీ వరసగా రాసి పంపు. సిగ్గుపడొద్దు. రోగానికి సిగ్గేంది?

ఇట్లు,
వాడిని ఎత్తుకొని పెంచిన
కృపమ్మ

తా.క.: పాలపొడి ఆపొద్దు. ఆ ఇంట్లో వాడి ఒంటికి పట్టేది అదొక్కటే.


ఆళ్లగడ్డ,
20-6-1979

వదినగారికి, మీ ఆశీర్వాదమూ తిట్లూ రెండూ అందుకున్న లూదియా నమస్కరించి రాసేది.

మీ తమ్ముడు మీ ఉత్తరంలో "చిరాకు" అన్న మాట దగ్గరే ఆగిపోయారు. "నాకు చిరాకా? డాక్టరమ్మకు నేను చిరాకు మనిషి లాగ కనపడినానా?" అని కంచం తోసేసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తనకు చిరాకు లేదని నిరూపించడానికట.

గోంగూర పచ్చడి నాకు నేర్పింది మీ అమ్మగారే. "మా వాడికి ఇంకో పది మిరపకాయలు పడాల" అని రోలు పక్కన నిలబడి వేయించిన చెయ్యి ఆమెది. పెద్దవాళ్ళు, పోయినవాళ్ళు, నేనేమీ అనడం లేదు.

నోటుబుక్కు రాశాను. కానీ ఆ మాట ఉంది చూశారూ, ఎన్నిసార్లు పోయారన్నది, అది రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. పుస్తకం గోవిందమ్మ కంట పడితే? అందుకని దాని బదులు మర్యాదగా వేరే మాట పెట్టాను. మీరు నర్సు, చూడగానే తెలిసిపోతుంది.

సోమవారం: బడిలో ఇబ్బందవుతుందని పొద్దున ఏమీ తినలేదు. పాలు ఒక గ్లాసు. రాత్రి ఆకలి మీద ఐదు జొన్నరొట్టెలు, గోంగూర. తనిఖీలు ఐదు.

మంగళవారం: కాఫీ మూడుసార్లు, పాలు రెండు గ్లాసులు, బస్టాండులో మిరపకాయ బజ్జీలు. తనిఖీలు ఏడు. అందులో ఒకటి ఆరో తరగతి లెక్కల పీరియడులో, చెప్పాపెట్టకుండా.

బుధవారం: పాలపొడి డబ్బా మూత పట్టుకుపోయింది, ఎంత తిప్పినా రాలేదు. మూడు పూటలా మజ్జిగన్నమే. తనిఖీ ఒక్కటే. చాలా ప్రశాంతంగా జరిగింది.

గురువారం, శుక్రవారం: మూత వచ్చింది. తనిఖీలు ఆరు, ఆరు.

శనివారం: దొర్నిపాడులో పెళ్ళి. దారిలో బస్సు ఆపించి, తుమ్మచెట్ల వెనక తనిఖీ.

ఆదివారం: చర్చిలో పాస్టరుగారు ప్రసంగం మొదలుపెట్టగానే తనిఖీ. ముగించేలోపల ఇంకొకటి.

ఇట్లు,
ఉన్నది ఉన్నట్టు రాసిన
లూదియా

తా.క.: శుక్రవారం తనిఖీ మధ్యలో ఎవరో తలుపు కొట్టారు. పాపం, మొత్తం మళ్ళీ మొదటినుంచి.


నంద్యాల,
25-6-1979

లూదియాకు, ఒళ్ళు మండిపోతున్న కృపమ్మ రాసేది.

మోషన్ల లెక్క రాయమంటే స్కూలు తనిఖీల లెక్క రాస్తావా? ఎస్సెల్సీ దాకా చదివినావని పెళ్ళిలో మీ నాయన ఊరంతా చెప్పినాడే, ఇదేనా ఆ చదువు?

అయినా ఒకందుకు మంచిదే అయింది. లేకుంటే నా తమ్ముడు పడే నరకం నాకు తెలిసేదే కాదు. రోజుకు ఐదు తనిఖీలా? ఏడా? తుమ్మచెట్ల వెనక తనిఖీ ఏంది, వాడు ఆఫీసరా, బందిపోటా? పెళ్ళికి పోతాంటే బస్సు ఆపిస్తాడా? ఆదివారం దేవుని సన్నిధిలో కూడా వదలడా ఆ పాపాత్ముడు? ఇంత వేధిస్తే ఇనుప పేగైనా ఉలిక్కిపడుతుంది!

నీ తనిఖీల కబుర్లు తీసేసి తిండి లెక్క మాత్రం వేరే కాగితం మీద ఎత్తి డాక్టరమ్మకు చూపించినా. రెండు వారాలు పాలు పూర్తిగా ఆపి చూడమంది. పాలపొడి కూడా. నా డబ్బా మీద ఆమెకేం కోపమో! పలచటి మజ్జిగ పోయొచ్చునట. పొద్దంతా పస్తుండి రాత్రి ఐదు రొట్టెలు తింటే ఎవరి పేగైనా తిరగబడుతుందంట. మూడు పూటలా, వేళకు, కొంచెం కొంచెం, నమిలి తినమను. తర్వాత కాఫీ తగ్గించు, ఆ తర్వాత కారం. ఒక్కొక్కటే మార్చాల. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది దొంగో తెలీదంట.

తనిఖీల సంగతి నాకు వదిలెయ్. మా దగ్గరికి సూది వేయించుకోవడానికి వచ్చే ఉమామహేశ్వరమ్మ భర్త శేషయ్యగారే స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు. ఆయన చెవిన వేస్తా.

ఇట్లు,
తమ్ముడి కోసం ఎవరితోనైనా తలపడే
కృపమ్మ

తా.క.: మూత రాలేదని రాసినావే, వేడినీళ్ళలో పెట్టి తిప్పాల. అది కూడా నేనే చెప్పాలా?


ఆళ్లగడ్డ,
1-7-1979

వదినగారికి, కాళ్ళు పట్టుకొని లూదియా రాసేది.

దయచేసి శేషయ్యగారితో ఒక్క ముక్క కూడా అనకండి! ఈ తనిఖీలు పైనుంచి వచ్చేవి కావు, వదినా. లోపలినుంచి వచ్చేవి. బయట చెప్పుకునేవి కావు. ఏ ఆఫీసరూ ఆపలేడు, బలవంతాన ఆపితే ప్రమాదం. ఇంతకంటే విడమరిచి నేను రాయలేను. మీరే అర్థం చేసుకోండి.

డాక్టరమ్మ చెప్పినట్టు పాలు ఆపాను. నాలుగో రోజుకే తేడా కనిపించింది, ఇప్పుడు మూడుకు దిగాయి. ఒక్కొక్కటే మార్చమన్నారు గానీ, పదహారో తేదీ దగ్గరపడుతోందని ఆగలేక కాఫీ కూడా ఒక్కసారికి తగ్గించాను. పచ్చడిలో మిరపకాయలూ సగం చేశాను. మీ తమ్ముడు వేలితో నాకి చూసి, "ఇది పచ్చడా, జ్వరమొచ్చినోనికి పత్యమా?" అన్నారు. అయినా తిన్నారు.

ఇట్లు,
సిరా ఆరకముందే పోస్టుకు పరుగెత్తుతున్న
లూదియా

తా.క.: పాలపొడి పారెయ్యడానికి మనసొప్పక గోవిందమ్మకు ఇచ్చాను. మూడు రోజులుగా ఆమె అరుగు మీద కనిపించడం లేదు.


నంద్యాల,
4-7-1979

లూదియాకు, అన్నీ అర్థమైన కృపమ్మ రాసేది.

లోపలినుంచి వచ్చేవంటే నాకు తెలియదనుకున్నావా? స్కూల్లో వాళ్ళ పనే! తోటి అయ్యవారే ఎవడో ప్రమోషను చూసి కడుపుమంటతో ఆరా తీస్తాండాడు. "ఆపితే ప్రమాదం" అని బెదిరించింది కూడా వాడే కదా? నీది మొదటినుంచీ పిరికి పుటక. మాది కాదు.

శేషయ్యగారికి మొత్తం చెప్పినా. ఆయన ముఖం నల్లబడింది. "నాకు తెలీకుండా నా స్కూల్లో తనిఖీలా?" అన్నాడు. పన్నెండో తేదీ గురువారం జీపులో స్వయంగా వస్తాండాడు. నిజం చెప్పమను మా వాణ్ణి.

ఇట్లు,
నీ కాపురం నిలబెడుతున్న
కృపమ్మ

తా.క.: మా పాలపొడి పరాయివాళ్ళ పాలు చేసినావా! ఇంకో డబ్బా పంపుతాననుకోవద్దు.


ఆళ్లగడ్డ,
17-7-1979

ఇన్‌స్పెక్టరును మా మీదికి తోలిన వదినగారికి, ఇంకా బతికే ఉన్న లూదియా రాసేది.

గురువారం పదకొండు గంటలకు జీపు దిగింది. శేషయ్యగారు అయ్యవార్లందరినీ ఆఫీసు గదిలో వరసగా నిలబెట్టి, మీ తమ్ముణ్ణి ముందుకు పిలిచారట.

"ఏమప్పా సంజీవయ్యా, రోజుకు ఎన్ని తనిఖీలు జరుగుతాండాయి?"

నెల రోజులుగా మా ఇంట్లో ఆ మాటే అలవాటైపోయింది కదా. మనిషి ఆలోచించకుండా, "ఇప్పుడు మేలు సార్. మజ్జిగ మొదలుపెట్టినాక రెండే" అన్నారట.

"మజ్జిగా? ఎవరికి పోస్తాండావ్ మజ్జిగ?"

"నేనే తాగుతాండా సార్."

"మరి తనిఖీ చేసేదెవరు?"

"నేనే సార్."

"యాడ?"

"బడి వెనక సార్. తప్పనప్పుడు తుమ్మచెట్ల సాటున."

ఎవరో కిసుక్కుమన్నారట. శేషయ్యగారు నవ్వలేదు. అందరినీ బయటికి పంపి తలుపు వేశారు. ప్రమోషను మాట అటుంచి ఉన్న ఉద్యోగం కూడా పోయిందని మీ తమ్ముడికి చెమటలు పట్టాయట. శేషయ్యగారు కుర్చీ దగ్గరికి జరుపుకొని, గొంతు తగ్గించి, "కూర్చో. ఆ మజ్జిగ సంగతి మొదట్నుంచీ చెప్పు" అన్నారట.

పన్నెండేళ్ళుగా ఆయనదీ అదే పేగు, వదినా! కట్టుకున్న ఉమామహేశ్వరమ్మకు కూడా తెలియదట, సూది వేసేటప్పుడు మీరు నోరు జారకండి. శేషయ్యగారి ఆకస్మిక తనిఖీలంటే అయ్యవార్లకు ఎంత హడలో మీకు తెలియదు. చెప్పకుండా జీపు ఆగుతుంది, మనిషి ముఖం బిగించుకొని గబగబా దిగుతాడు, ఎవరి నమస్కారమూ అందుకోకుండా నేరుగా బడి వెనక్కి పోతాడు, పది నిమిషాలకు శాంతంగా తిరిగొచ్చి రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్ళిపోతాడు. ఎంత నిక్కచ్చి ఆఫీసరో అనుకునేవాళ్ళం. "అవన్నీ ఇవేనప్పా" అని తల దించుకున్నారట. మరుగుదొడ్డి లేని బడిని ఆయన ఈ పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా తనిఖీ చేయలేదట.

మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి, నోటుబుక్కు అడిగి, చాప మీద కూర్చుని మొదటి పేజీనుంచి ఎత్తి రాసుకున్నారు. ఈయనకు గిట్టనిది మీకు గిట్టొచ్చు, మీ పుస్తకం మీరే రాసుకోవాలి, ముందు డాక్టరమ్మ చేత పరీక్ష చేయించుకోండి అని చెప్పాను. "కృపమ్మ ఉండే ఆసుపత్రికా?" అని లేచి నిలబడ్డారు. ఆయన భయం నాకు అర్థమైంది. కర్నూలుకు పొమ్మన్నాను.

నిన్న సోమవారం మీ తమ్ముడు రెండు రొట్టెలు, పెసరపప్పు వేళకు తిని, కొత్త బడిలో చేరడానికి బస్సెక్కారు. సాయంత్రం దాకా నేను మళ్ళీ పొయ్యి వెలిగించలేదు, ముద్ద మింగలేదు, వీధిలోనే నిలబడ్డాను. చీకటి పడుతుండగా వచ్చి, "పోతా ఒక్కసారి కూడా దిగలేదే" అన్నారు. నేను లోపలికి పోయి ఏడ్చాను. రోగం పోలేదు, పోదని డాక్టరమ్మే చెప్పిందట. వస్తూ ఒక్కసారి దిగారట. ఒక్కసారికి డ్రైవరు ఏమీ అనలేదట.

ఇట్లు,
పిరికి పుటక పుట్టిన మీ మరదలు
లూదియా

తా.క.: మీ తమ్ముడి కొత్త బడిలో మరుగుదొడ్డి లేదు. ఈయన చేరిన రోజే శేషయ్యగారు మంజూరు చేశారు. నెలాఖరుకల్లా కట్టి తీరాలని, ఎర్ర సిరాతో కింద రెండు గీతలు గీసి మరీ రాశారట. ఇంత తొందర ఎందుకో ఊళ్ళో ఎవరికీ అంతుపట్టడం లేదు.