బీరువా అద్దం మీది నెత్తురు

జనవరి 30

గుడి నుంచి వచ్చేసరికి, ఇల్లు చూస్తుండమని ఉంచిపోయిన ఉప్పలయ్య హాల్ల పడి ఉన్నడు. తల పగిలింది. తెలివి లేదు. బీరువా అద్దం పగిలింది, ముక్కల మీద నెత్తురు. పోయింది ఒక్కటే, నాన్న రాసిన వీలునామా. ముప్ఫై ఏండ్లు మా కిరాణా దుకాణంల పనిచేసిన ఉప్పలయ్యకు మడికొండ ప్లాట్ రాసిన కాయితం. అది అక్కడున్నదని నాకు, తమ్ముడు మల్లికార్జున్‌కు తప్ప ఎవరికీ తెల్వదు.

జనవరి 31

తమ్ముడు మేడారం జాతర నుంచి బెల్లం ప్రసాదం తెచ్చిండు. అరచేతికి కట్టు. కొబ్బరికాయ కొడుతుంటే తెగిందక్కా అన్నడు.

నేను అడుగకముందే అన్నడు.

ఫిబ్రవరి 2

ఎస్సై శోభారాణి వచ్చింది. ఇంట్ల ఉండేది నేనొక్కదాన్నే, దూదిపుల్లతోటి నా బుగ్గ లోపల రుద్ది శాంపిల్ తీసుకున్నరు. ఆ పొద్దు గుడిల ఉన్న, దేవుడే సాక్షి అన్న. దేవుడు స్టేషన్‌కొచ్చి సంతకం పెట్టడు పెద్దమ్మా అన్నది.

తమ్ముడు మేడారంల ఉన్నడని రాసుకున్నరు. చెప్పింది నేనే.

ఫిబ్రవరి 19

దవాఖానల ఉప్పలయ్య ఇంక కండ్లు తెరువలే.

ఏప్రిల్ 22, పొద్దున 11

రిపోర్ట్ వచ్చింది. అద్దం మీది నెత్తురు ఉప్పలయ్యది కాదట. ఆడమనిషిదట. నాదట.

శోభారాణి ఓపికగ చెప్పింది. డీఎన్ఏల కొన్ని జాగలల్ల ఒకే ముక్క మళ్ల మళ్ల వస్తదట. ఏ జాగల ఎన్నిసార్లు వచ్చిందో ఆ లెక్క మనిషికీ మనిషికీ వేరే ఉంటదట. ఇరవై జాగలు చూసిన్రట, ఇరవై నాతోటి కలిసినయట. మీకు కవల ఉన్నదా అని అడిగింది. లేదన్న. చేతులు చూపియ్యమన్నది. చూపిచ్చిన. ఒక్క గాటు లేదు. మూడు నెలలాయె, మానుతది గదా అన్నది.

సాయంత్రం 4

జపంల కూసున్న. మనసు నిలువలే.

ఏడేండ్ల కింద తమ్మునికి బ్లడ్ క్యాన్సర్. హైదరాబాద్‌ల నా ఎముకలల్ల మూలుగ తీసి వానికి ఎక్కిచ్చిన్రు. ఇగ నుంచి నీ ఒంట్ల మీ అక్క నెత్తురే తయారైతది, వెంట్రుకలు మాత్రం నీయే ఉంటయి అని డాక్టర్ అన్నడు. వాడు నా కాళ్లు మొక్కిండు.

ఏప్రిల్ 23

దవాఖానకు పోయిన. ఉప్పలయ్య భార్య చిలుకమ్మ నన్ను లోపలికి రానియ్యలే. ప్లాట్ ఇయ్యబుద్ధి కాకుంటే నోటితోటి చెప్పకపోయినవా అక్కా, మనిషిని కొట్టాల్నా అన్నది. తెచ్చిన పండ్లు బెంచీ మీద పెట్టి వచ్చిన.

ఏప్రిల్ 24

తమ్ముడు వచ్చిండు. అద్దం తుడుస్తాంటే ఎప్పుడో తెగిందని చెప్పక్కా, వకీలును నేను చూస్కుంట, నువ్వు ఫికర్ చెయ్యకు అన్నడు.

నీ బ్లడ్ గ్రూప్ ఇప్పుడేందిరా అని అడిగిన.

చాయ్ ముట్టకుండ లేచిపోయిండు.

ఏప్రిల్ 25, పొద్దున 7

దీపం పెట్టిన. స్టేషన్‌కు పోతాన.

శోభారాణికి రెండే ముక్కలు చెప్త. మా తమ్ముని నెత్తురు పరీక్ష చేయిన్రి, నేను అని వస్తది. వాని వెంట్రుక కుదురుతోటి పీకి చేయిన్రి, వాడు అని వస్తది.