ఒదిల్ వియానే తెల్ల టూటూ

లియోన్ నగరంలో క్రువా-రూస్ కొండమీద పుట్టి, నాటకశాల కుట్టుగదిలో పదకొండేళ్లు నర్తకులకు టూటూలు, అంటే నాట్యానికి కట్టే వలగుడ్డ పొరల లంగాలు, కుట్టిన బెనువాత్ పెరషాన్ అనే నేను, ఇరవై ఆరేళ్ల వయసులో, సన్యాసినుల ఆసుపత్రి మంచం మీద కూర్చుని నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. నా ఊపిరితిత్తులు పాడయ్యాయి, బుర్ర పాడవలేదు. ఎవరి బలవంతమూ లేదు. ప్రలోభం అంతకన్నా లేదు. నన్ను బుజ్జగించి రాయించుకునేంత ఆస్తి నాకుంటే ఈ వార్డులో ఎందుకుంటాను. నేను బడికి పోలేదు. గోడల మీది నాటకాల ప్రకటనలు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. తప్పులుంటే అర్థం చేసుకుని చదవండి, దిద్దకండి.

సొంత చేత్తో రాసుకున్న వీలునామాకు సాక్షులు అక్కర్లేదని నోటరీ గుమాస్తా అన్నాడు. నాకు కావాలి. నర్తకి ఒదిల్ వియానే రెండేళ్ల కిందట ఎలా కాలిపోయిందో లోకానికి తెలిసింది అబద్ధం. ఆమె పేరు మీద పడ్డ ఆ మచ్చ తుడవడానికే ఈ కాగితం. మిగతావన్నీ గుడ్డపీలికలు.

అమలు చేసే బాధ్యత కుట్టుగది పెద్ద మదాం గోండ్రాన్‌ది. ఆమె తిడుతుంది, కానీ చేస్తుంది.

ఒకటి. నా పెద్ద కత్తెర, సూదుల డబ్బా, ఉన్ని దుప్పటి నాతో పనిచేసిన జస్తీన్‌కు చెందాలి. జస్తీన్, ఆ కత్తెరతో కాగితం కత్తిరించావంటే ఊరుకోను.

రెండు. నా రేకుపెట్టెలోని కాగితపు కొలతలు, అంటే మదాం గోండ్రాన్ నలభై ఏళ్లుగా దాచి నాకిచ్చినవి, నా తర్వాత ఆ బల్ల దగ్గర నిలబడే పిల్లకు చెందాలి, ఎవరైనా సరే. ఒకదాని మీద ఒకటి పరిస్తే టూటూ కథంతా కనిపిస్తుంది. అడుగున ఉన్నది పిక్కల కిందికి జారే గంటలాంటి లంగా. మదాం పడుచుగా ఉన్నప్పుడు అదే కుట్టేవారట. దాని పైది జానెడు తక్కువ. ఆ పైది మోకాలి దగ్గరికొచ్చింది. కాళ్ల పనితనం కనిపించాలని నర్తకులు అడిగారు, కాళ్లు కనిపించాలని ఖరీదైన బాక్సు సీట్లలో కూర్చునే దొరలు అడిగారు. కత్తెర ఇద్దరి మాటా విన్నది. చివరిది నాలుగేళ్ల కిందట మిలాన్ నుంచి వచ్చిన నర్తకిని చూసి నేను దించిన కొలత. పన్నెండు పొరల వలగుడ్డ, తుంటి దగ్గర్నుంచి గొడుగులా విచ్చుకుంటుంది.

గుడ్డ తగ్గితే మంటకు దూరమవుతుందని అనుకుంటారు. కాదు. పాత లంగా కాళ్ల వెంట వాలి ఉండేది. ఈ గొడుగు నర్తకి ఎటు తిరిగితే అటు ముందుకు పోతుంది, వేదిక అంచున వరసగా వెలిగే గ్యాసు దీపాల మీదికి. అది కుట్టేవాళ్లకు తెలుసు, చూసేవాళ్లకు అక్కర్లేదు.

మూడు. మందునీళ్ల పాళ్లు రాసిన కాగితం నర్తకులందరికీ ఉమ్మడిగా ఇస్తున్నాను. వెలిగారం కలిపిన ఆ నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డ నిప్పు తగిలితే నల్లబడుతుంది గానీ మంట ఎగదన్నదు. కానీ తెలుపు పోయి పాత గోడ రంగుకొస్తుంది, పొరలు బిరుసెక్కుతాయి. మళ్లీ నీళ్లు తగిలితే మందంతా పోతుంది. ఉతికిన ప్రతిసారీ ముంచాల్సిందే. అందవికారంగా కనిపించండి. బతకండి. ముఖ్యంగా లొరెత్, నీకు చెబుతున్నాను. ఒదిల్ ముంచిన టూటూ కట్టుకొస్తే "ఏమే, మీ అమ్మ వంటింటి కిటికీ తెర చుట్టుకొచ్చావా?" అన్నది నువ్వే. గదంతా నవ్వింది. నేను సూది నోట్లో పెట్టుకుని విన్నాను.

నాలుగు. డైరెక్టరు మొసియో తిస్సరాన్‌కు ఏమీ ఇవ్వడం లేదు. ఆయన బల్లమీద ఒక పుస్తకం ఉంటుంది. ముంచిన గుడ్డ కావాలా, ముంచనిది కావాలా అని ప్రతి నర్తకీ అందులో సంతకం పెట్టాలి. ముంచనిది కోరితే పూచీ ఆమెదే. పదహారేళ్ల పిల్లల చేత వాళ్ల చావు పూచీ వాళ్లకే రాయించిన మనిషి ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుంటాడు. వెలిగారపు నీళ్లకు పుండ్లు పడ్డ నా చేతులు ఒకసారి చూపిస్తే తన చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

ఐదు. ఇదే అసలైనది. ఇది ఒదిల్ తల్లి, మగ్గం నేసే వియానే అమ్మకు.

ఆ పుస్తకంలో ముంచిన గుడ్డకు సంతకం పెట్టింది ఒదిల్ ఒక్కతే. "నాకు తెల్లగా కనబడాలని లేదే బెనువాత్, ముసలిదాన్ని కావాలని ఉంది" అనేది. ఆమెకు ఒంటరి నాట్యం మొదటిసారి దొరికింది. వేషంతో చేసే రిహార్సలుకు దొరలు కూడా వస్తారని తెలిసింది. లొరెత్ మాట నా చెవిలోంచి పోలేదు. ఆ ఉదయం ఒదిల్‌కు చెప్పకుండా ఆమె టూటూను మూడు తొట్ల మంచినీళ్లలో జాడించాను. పలచటి గంజి పెట్టి, పొరపొరా ఇస్త్రీ చేశాను. మంచులా వచ్చింది. మందు పోతుందని నాకు తెలుసు. ఒక్క మధ్యాహ్నమే కదా, సాయంత్రం మళ్లీ ముంచుదాం అనుకున్నాను.

కట్టుకుని అద్దంలో చూసుకుని "ఇంత తెల్లగా ఎలా వచ్చిందే?" అంది. కొత్తరకం వెలిగారం అన్నాను. నమ్మింది. నన్ను ముద్దు పెట్టుకుని మెట్లెక్కింది.

తర్వాత సంగతి ఊరందరికీ తెలుసు, వేదిక అంచు దీపం తగిలి టూటూ భగ్గుమంది. ముంచిన గుడ్డ అలా మండదని అగ్నిమాపక అధికారి తేల్చాడు. కాబట్టి సంతకం ఒకదానికి పెట్టి, సోకు కోసం దొంగతనంగా ఇంకోటి కట్టుకుందని డైరెక్టరు అన్నాడు. పత్రికలు అదే రాశాయి. ఒదిల్ తొమ్మిది రోజులు బతికింది. నాలుగో రోజు నన్నడిగింది, "మందునీళ్లు ఎందుకు పనిచెయ్యలేదే?" అని. ఒక్కోసారి అంతే అన్నాను. అదే ఆమెకు నేనిచ్చిన జవాబు.

వియానే అమ్మ నాలుగు నెలలుగా ప్రతి ఆదివారం నాకు ఉల్లికాడల సూపు తెస్తోంది. తాగిస్తూ అంటుంది, "నీకున్న బుద్ధిలో సగం దానికుంటే బతికుండేది తల్లీ. అబద్ధపు సంతకం పెట్టి చచ్చినదాని దగ్గరికి ఏ మొహం పెట్టుకుని పోను?" అంత్యక్రియల తర్వాత ఆమె శ్మశానం వైపు పోలేదు. నేను సూపు తాగాను, ప్రతిసారీ.

అందువల్ల ప్రకటించడమేమంటే: ఒదిల్ వియానే అబద్ధమాడలేదు, సోకు పడలేదు. టూటూ కడిగింది నేను. ఈ అంశం నాటకశాలలో నర్తకుల గదిలో, తలుపులు తీసిపెట్టి, పైకి చదవాలి.

ఆరు. ఇది ఆదివారం కలిపి రాస్తున్నాను. నేను పోయాక చదివిస్తే సరిపోతుందనుకున్నాను. అది పిరికితనం. ఇవాళ వియానే అమ్మ రాగానే సూపు పక్కన పెట్టమని ఐదో అంశం నేనే చదివి వినిపించాను. దగ్గు వల్ల రెండుసార్లు ఆపాల్సి వచ్చింది. ఆమె తొందరపెట్టలేదు.

చదవడం అయ్యాక అడిగింది, "అయితే అది ముంచిందే అనుకుని కట్టుకుందా?"

"అవునమ్మా."

"చివరిదాకా అలాగే అనుకుందా?"

"అలాగే అనుకుంది."

నన్ను కొట్టలేదు, తిట్టలేదు, క్షమించానూ అనలేదు. శాలువా భుజాల మీదికి లాక్కుని లేచి, తలుపు దాకా పోయి, వెనక్కి తిరక్కుండానే అడిగింది, "దాని సమాధి ఎన్నో వరస?"

పడమటి గోడ వెంట ఏడో వరస, చివర్నుంచి రెండోది అని చెప్పాను. వెలుతురుండగానే వెళ్లాలని మెట్లు గబగబా దిగింది. వచ్చే ఆదివారం వస్తానని అనలేదు. నేనూ అడగలేదు.

లియోన్, 1886 నవంబరు 14, ఆదివారం.

సంతకం: బెనువాత్ పెరషాన్

సాక్షులు, మొత్తం చదివించుకుని విన్న మీదట:
1. అర్మాందిన్ గోండ్రాన్, కుట్టుగది పెద్ద
2. జస్తీన్ బొన్నఫూ, కుట్టుపనిమనిషి
3. సిస్టర్ యులాలీ, ఈ వార్డు సన్యాసిని