బండి ఆగిన చోటుకి

ఫార్మింగ్టన్ హిల్స్,
మార్చి చివరి ఆదివారం

బంగారు తల్లీ సాయి ప్రియా,

ఫోన్‌లో చెబితే సగంలోనే "సరేలే అమ్మా" అంటావు. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను.

ఈ కంపెనీ ట్రక్కులో డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న తెర ఉంది. ఎంతసేపు నడిపానో, ఎంతసేపు ఆగానో అదే రాసుకుంటుంది. డ్యూటీ ఎక్కిన పద్నాలుగు గంటలకి స్టీరింగ్ వదిలేయాలి. ఆ తర్వాత పది గంటలు విశ్రాంతి. మొదట్లో విసుగొచ్చేది కానీ ఇప్పుడు అది ఆపితేనే అన్నం సహిస్తోంది.

వచ్చే వారం మీ వైపు లోడు తీసుకున్నాను. అది దించేసి సెలవు పెట్టి నీ దగ్గరే ఉంటాను. డాక్టర్ చెప్పిన కాన్పు తేదీకి ముందే వచ్చేస్తాను.

మీ అత్తగారికి నమస్కారాలు చెప్పు.

నీ అమ్మ,
కృష్ణవేణి

హెర్న్‌డన్,
బుధవారం

ప్రియమైన అమ్మా,

అత్తయ్య గుంటూరు నుంచి వచ్చినప్పటి నుంచి వంటగది వైపు నన్ను రానివ్వడం లేదు. బాగా చూసుకుంటున్నారు. కానీ నిన్న పక్కింటి రజిని ఆంటీ ముందు, "మీ అమ్మగారు ఈ వయసులో లారీ తోలడమేంటమ్మా, మాకు చెప్పుకోవడానికి ఎలా ఉంటుంది?" అన్నారు. నీ అల్లుడు విశ్వనాథ్ ఏదో సర్దిచెప్పాడు. నాన్న పోయాక నువ్వు ఆ ట్రక్కు మీదే నన్ను ఎంఎస్ చదివించావని చెబుదామనుకుని, లేచి గదిలోకి వెళ్లిపోయాను.

అవన్నీ పక్కనపెట్టు. నాకు భయంగా ఉందమ్మా. నొప్పులు వచ్చేసరికి నువ్వు పక్కన ఉండాలి. అంతే.

నీ
సాయి

బ్రీజ్‌వుడ్, పెన్సిల్వేనియా,
మంగళవారం మధ్యాహ్నం

చిట్టితల్లీ,

రెండు గంటల దూరంలో ఆగిపోయాను. అర్ధరాత్రే బయల్దేరాను కానీ, ఒహాయోలో గోడౌన్ వాళ్లు లోడు ఎక్కించకుండా పొద్దెక్కేదాకా కూర్చోబెట్టారు. ఆ కూర్చున్నదీ డ్యూటీ లెక్కే. ఇప్పుడు నా టైమ్ అయిపోయింది.

మాకు లోడులు అప్పగించే డిస్పాచర్ ఫోన్ చేసి, "తెర మీద సొంత పని మీద వెళ్తున్నట్టు నొక్కేసి లాగించెయ్, ఎవరు చూస్తారు?" అన్నాడు. కళ్లు మూతలు పడుతున్నాయి సాయీ. ఇంత బరువుతో ఆ కొండ రోడ్డు మీద, నా ముందు వెళ్లే కారులో నీలాంటి పిల్ల ఉండొచ్చు. కుదరదన్నాను.

పడుకుంటాను. లేవగానే బయల్దేరతాను. అమ్మ మీద అలగకు.

ప్రేమతో,
అమ్మ

హెర్న్‌డన్,
శుక్రవారం

నా ప్రియమైన అమ్మా,

లోడు దించి రేపు వచ్చేస్తానన్నావుగా. అయినా నువ్వొచ్చేలోగా రాయాలనిపించింది.

మంగళవారం నీ ఉత్తరం చదువుతుండగానే నొప్పులు మొదలయ్యాయి. ఫోన్‌లో నీ మీద ఎంత అరిచానో నీకు తెలుసు. "ఏదో ఒకటి నొక్కి వచ్చెయ్" అన్నాను. "అలా రాలేనమ్మా" అని ఏడ్చావు. ఫోన్ మంచం మీదకి విసిరేశాను.

ఆ తర్వాత ఇక్కడ జరిగింది నీకు తెలియదు. అత్తయ్య అంతా వింటూ నిలబడ్డారు, పక్కన రజిని ఆంటీ కూడా ఉంది. "ఎందుకు రాలేదట?" అని అడిగారు. చెప్పాను.

"ఆ రూలు లారీకా, మనిషికా?"

"లారీ నడపడానికే అత్తయ్యా."

"మరి మనిషిని తీసుకురావడానికేం? విశ్వం నిన్ను హాస్పిటల్‌కి తీసుకెళ్తాడు. రజినీ, నీ కారు తియ్యి."

రజిని ఆంటీ తటపటాయించి, "మీరెందుకు ఆంటీ అంత దూరం, నేను వెళ్తాలే" అంది. అత్తయ్య అప్పటికే చెప్పులు వేసుకున్నారు. "కన్నకూతురు పిలుస్తున్నా, ఎవరో తెలియని వాళ్ల ప్రాణం కోసం ఆగిపోయిందావిడ. ఆవిణ్ణి నేనే వెళ్లి తీసుకురావాలి" అన్నారు.

ట్రక్కు తలుపు తట్టి "వదినగారూ, రండి" అని పిలిచినప్పుడు నువ్వు బిత్తరపోయావట. దారంతా వెనక సీట్లో ఆవిడ భుజం మీద నిద్రపోయావట. భుజం తిమ్మిరెక్కినా కదల్లేదని రజిని ఆంటీ చెప్పింది. ఇవాళ పాపని చూడ్డానికి ఎవరో వస్తే, "మా వదినగారు ట్రక్కు నడుపుతారు" అని అత్తయ్యే ముందుగా చెప్పారు.

నాకు నీకెలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఆ రాత్రి నువ్వు అలిసిపోయిన కళ్లతో కాదు, తేటపడిన మొహంతో వచ్చావు. పాపని నీ చేతుల్లో పెట్టి, నెలల తర్వాత మొదటిసారి నేను ఒళ్లెరగకుండా నిద్రపోయాను. నిన్న విశ్వం నిన్ను మళ్లీ ట్రక్కు దగ్గర దింపి వచ్చినప్పటి నుంచి ఇల్లు బోసిగా ఉంది.

నెమ్మదిగా రా అమ్మా. మధ్యలో ఆగాల్సి వస్తే ఆగు. మేమే వస్తాం.

నీ
సాయి