తమ్ముడి రక్తపరీక్ష

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చివర్లో నన్నూ గుర్తుపట్టనివ్వని నీ మతిమరుపు జబ్బు మాకూ వస్తుందేమోనని భయపడి, లక్షణాలు కనబడకముందే పసిగట్టే రక్తపరీక్షకు తమ్ముణ్ణి నేనే బలవంతంగా లాక్కెళ్లాను. "నాకొద్దక్క, మంచిగనే ఉన్న గద," అన్నాడు. వినలేదు.

ఇద్దరం చేయించుకున్నాం. నాకేమీ లేదన్నారు. వాడి రక్తంలో జబ్బు ఆనవాళ్లున్నాయన్నారు. ఎప్పుడు బయటపడుతుందో, అసలు బయటపడుతుందో లేదో డాక్టరు చెప్పలేకపోయారు. తిరిగి నాచారంలో మన ఇంటికి వచ్చేదాకా బండి మీద వాడి వెనక, రిపోర్టులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఈరోజు నీ ఫోటోకు దండ వేసి బయల్దేరినవాడు, ఉప్పల్ దాకా పోయి, ఫోన్ మరిచానని వెనక్కొచ్చాడు. చిన్నప్పటి నుంచీ వాడంతే, మనం నవ్వేవాళ్లం. ఇవాళ గుమ్మంలో నిలబడి, "అక్క, గిది అమ్మకొచ్చినదేనా?" అని అడిగాడు.

కాదురా అనడానికి నాకు ఒక్క క్షణం ఆలస్యమైంది. వాడు అది చూశాడు.